ఎడమచేతి ఉక్కుముక్క



తాళం తీసే విద్య అనగానే మనకు సినిమాలే గుర్తొస్తాయి. హీరోయిన్ జడలోంచి పిన్ను లాగి, హీరో దాన్ని తాళంలో దూర్చి రెండుసార్లు కదిపితే తలుపు తెరుచుకుంటుంది. ఆ పిన్ను ఒక్కటే అయితే అది జన్మలో తెరుచుకోదు. తాళం లోపలి పిన్నుల్ని ఒక్కొక్కటిగా ఎత్తడానికి కుడిచేతిలో ఒక సన్నటి కొక్కెం కావాలి. అలా ఎత్తిన పిన్ను మళ్ళీ జారిపోకుండా తాళాన్ని ఒక పక్కకు మెల్లగా నెట్టి పట్టడానికి ఎడమచేతిలో ఇంకో ముక్క కావాలి. మొదటిదాన్ని పిక్ అంటారు. రెండోది టెన్షన్ రెంచి. సినిమావాళ్ళు ఈ రెండోదాన్ని పూర్తిగా ఎగ్గొట్టేశారు. వాళ్ళ సంగతి సరే, సరదాకు ఈ పని నేర్చుకునేవాళ్ళు కూడా డబ్బంతా పిక్కుల మీద పోసి, దీని దగ్గరికి వచ్చేసరికి చేతికందిన ఇనపముక్కతో సరిపెట్టేస్తారు. ఈ పూట నేను మాట్లాడబోయేది ఆ ఇనపముక్క గురించే. దాన్ని ఇంట్లో చేసుకోవాలంటే ఏ లోహం తీసుకోవాలి, ఎంత మందం ఉండాలి, పాత సామాన్ల కొట్లో దేన్ని ఏరుకోవాలి, దేన్ని ముట్టుకోకుండా వదిలెయ్యాలి అన్నదే విషయం.

సరదాకు తాళాలు తియ్యడమేమిటి అని మీరు నవ్వుకోవచ్చు. చదరంగం ఆడేవాళ్ళున్నట్టే ఈ ఆటకూ మనుషులున్నారు. జర్మనీలో 1997లోనే వీళ్ళ క్లబ్బు ఒకటి పుట్టింది. నెదర్లాండ్స్‌లో టూల్ అనే సంఘం ఉంది. ఎవరు ముందు తీస్తారో చూడ్డానికి గడియారం పెట్టి మరీ పోటీలు జరుపుతారు. అణుబాంబు తయారవుతున్న రోజుల్లో లాస్ అలమోస్‌లో ఉద్యోగం చేసిన భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్‌కి కూడా ఈ పిచ్చి ఉండేది. వీళ్ళందరికీ రెండు కట్టుబాట్లున్నాయి, వాటిని ముందే చెప్పేస్తాను. నీది కాని తాళం ముట్టుకోకూడదు. నీదే అయినా, రోజూ వాడుతున్న తలుపు తాళం జోలికి పోకూడదు, ఎందుకంటే నేర్చుకునే చేతుల్లో తాళం చెడిపోతుంది. ఈ ఆటకు పాత ఇత్తడి తాళంకప్ప ఒకటి కొనుక్కుంటే చాలు.

ఇక తాళంలోకి వెళ్దాం. చదును తాళంచెవితో తెరుచుకునే పిన్ తాళం అమెరికాలో లైనస్ యేల్ జూనియర్ 1861లోనూ 1865లోనూ తీసుకున్న పేటెంట్లతో ఇప్పటి రూపానికి వచ్చింది. బయట ఒక దిమ్మ, దాని లోపల తిరిగే ఇత్తడి ప్లగ్గు. దిమ్మలోంచి ప్లగ్గులోకి వరుసగా నాలుగైదు రంధ్రాలు ఉంటాయి. ఒక్కో రంధ్రంలో రెండేసి పిన్నులు, వాటిని కిందికి తోసే ఒక స్ప్రింగు ఉంటాయి. పిన్నులు అడ్డం ఉన్నంతసేపు ప్లగ్గు తిరగదు. సరైన చెవి పెడితే ప్రతి పిన్నుల జతా సరిగ్గా ప్లగ్గు అంచు దగ్గరే విడిపోతుంది, అప్పుడు తిరుగుతుంది.

మరి చెవి లేకుండా ఎలా తెరుచుకుంటుంది? యంత్రం ఎంత మంచిదైనా ఐదు రంధ్రాలు వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే గీత మీద పడవు కాబట్టి. ప్లగ్గును ఒక పక్కకు కొంచెం నెట్టి పట్టుకున్నారనుకోండి. ఐదు పిన్నులూ ఒకేసారి బిగుసుకోవు. గీతకు అన్నిటికంటే ఎక్కువ పక్కకు జరిగిన పిన్ను ముందు ఇరుక్కుంటుంది. మిగతావి స్ప్రింగు మీద వదులుగా ఆడుతూనే ఉంటాయి. ఆ ఇరుక్కున్నదాన్ని పిక్‌తో వెతికి పట్టుకుని ఎత్తితే, అంచు దాటగానే టిక్కుమంటుంది, ప్లగ్గు ఒక్క పిసరు తిరుగుతుంది, తర్వాతి పిన్ను ఇరుక్కుంటుంది. ఇలా చివరి పిన్ను దాకా. అంటే ఏ పిన్ను ఇరుక్కుందో తెలియాలన్నా, ఎత్తిన పిన్ను పైన నిలవాలన్నా, తాళం తెరుచుకోబోతోందన్న కబురు ముందుగా అందాలన్నా, అన్నీ ఎడమచేతి ముక్క మీదుగానే. నెట్టే బలం ఎక్కువైతే అన్ని పిన్నులూ కలిసికట్టుగా బిగుసుకుని ఒక్కటీ కదలదు. తక్కువైతే ఎత్తినవి ఎత్తినట్టే కింద పడతాయి. చెవి తిప్పడానికి మనం వాడే బలంలో చిన్న వంతు చాలు.

ఈ ఒత్తిడి మహిమ లోకానికి తెలిసింది 1851లో. లండన్‌లో క్రిస్టల్ ప్యాలెస్ ప్రదర్శన జరుగుతున్న ఏడాది అది. అమెరికా నుంచి ఆల్‌ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్ అనే తాళాల నిపుణుడు వచ్చాడు. అప్పటికి ఇంగ్లండులో తిరుగులేనిదని పేరుపడ్డ చబ్ తాళాన్ని సాక్షుల ముందు 25 నిమిషాల్లో తీసి, 7 నిమిషాల్లో మళ్ళీ వేసేశాడు. తర్వాత పికడిల్లీ వీధిలో బ్రామా కంపెనీ అద్దాల కిటికీలో ఏళ్ళ తరబడి వేలాడుతున్న తాళం మీద పడ్డాడు. దాన్ని తీసినవాడికి 200 గినీలు ఇస్తామని కంపెనీ పందెం. 16 రోజుల్లో మొత్తం 51 గంటలు కూర్చుని తీశాడు. అన్ని గంటలపాటు ఒకే ఒత్తిడి పట్టి ఉంచడం వేళ్ళ వల్ల అయ్యే పని కాదు. అందుకే తాళం బిగించి ఉన్న చెక్కకే ఒక సాధనాన్ని బిగించుకుని పని చేశాడు. అలా చెయ్యకూడదని బ్రామా వాళ్ళు గొడవ పెట్టుకున్నారు. మధ్యవర్తులు మాత్రం హాబ్స్‌దే గెలుపన్నారు. నన్నడిగితే ఆ గొడవ వల్లే మనకు ఒక మంచి సాక్ష్యం దొరికింది. అవతలివాళ్ళకు కంటగింపైంది కొక్కెం కాదు, ఒత్తిడి నిలబెట్టిన బిగింపు.

ఇక లోహం దగ్గరికి వద్దాం. కొత్తవాళ్ళందరి నోటా వినిపించే మాట ఒకటుంది: "అన్నిటికంటే గట్టి ఉక్కు ఏదో చెప్పండి, దానితో చేసుకుంటాం" అని. ఈ మాటలోనే తిరకాసు ఉంది. గట్టిదనం అని మనం ఒక్క మాటలో చుట్టేసేదాంట్లో రెండు వేరువేరు గుణాలున్నాయి. ఒకటి, ముక్క వంగడానికి ఎంత మొరాయిస్తుంది. రెండు, ఎంత దూరం వంచేదాకా మళ్ళీ మొదటి రూపానికి వస్తుంది.

మొదటి గుణంలో ఉక్కుల మధ్య తేడా దాదాపు లేదు. ఆశ్చర్యంగా ఉంటుంది గానీ నిజం. కాగితాలకు పెట్టే క్లిప్పు తీగనూ, ఖరీదైన స్ప్రింగు ఉక్కు తీగనూ ఒకే మందంలో, ఒకే పొడుగులో తీసుకుని చివర కొద్దిపాటి బరువు కడితే రెండూ ఇంచుమించు అంతే వంగుతాయి. నిప్పుల్లో కాల్చి గట్టిపరిచినా సరే, చల్లార్చి మెత్తబరిచినా సరే, ఈ లెక్క మారదు. తేడా వచ్చేది బరువు పెంచినప్పుడు. మెత్తటి ఇనుము చదరపు మిల్లీమీటరుకు సుమారు 25 కిలోల ఒత్తిడి దగ్గర లొంగిపోయి వంకరగా ఉండిపోతుంది. రోలర్ల మధ్య గట్టిగా నలగ్గొట్టిన 301 రకం స్టెయిన్‌లెస్ స్టీలు 90 కిలోలు దాటినా బరువు తియ్యగానే నిటారుగా లేస్తుంది. ఈ లొంగకపోవడమే స్ప్రింగు గుణం. క్లిప్పుతో తాళం మీద కూర్చుంటే మీరు నెట్టేకొద్దీ అది నిదానంగా సాగి వంగుతూ పోతుంది. మీరు బలం పెడుతున్నామనుకుంటారు, ఆ బలం తాళానికి చేరడం లేదు. లోపల ప్లగ్గు తిరిగిందో, చేతిలో తీగే వంగిందో తెలుసుకునే దారి మీకు ఉండదు.

కాబట్టి ఉక్కు పేరు వెతకడం కంటే ముందు చూడవలసింది మందం. వంగడానికి మొరాయించే గుణం మందం ఘనంతో మారుతుంది. మందం రెట్టింపైతే బిరుసు 8 రెట్లు. ఒక మిల్లీమీటరు రేకు బదులు 0.8 మిల్లీమీటరు రేకు తీసుకుంటే బిరుసు సగానికి పడిపోతుంది. ఐదో వంతు మందం తగ్గిస్తే సగం బిరుసు పోయింది. కొట్లో చేత్తో పట్టుకుంటే ఈ తేడా కనిపించనే కనిపించదు. అందుకే పాత ఇనుము ఏరుకోవడానికి వెళ్ళేవాళ్ళ జేబులో అయస్కాంతం లేకపోయినా ఫరవాలేదు, వెర్నియర్ కాలిపర్ మాత్రం ఉండాలి.

గాలం వేసేవాళ్ళకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. కర్ర మరీ బిరుసైతే చిన్నచేప కొరికిన జాడ చేతికి అందదు. మరీ లేతదైతే ఊగుతూనే ఉంటుంది, ఏది చేపో ఏది అలో తెలియదు. టెన్షన్ రెంచిలోనూ ఆ మధ్యమార్గమే కావాలి. దాన్ని తెచ్చిపెట్టేది మందం, వెడల్పు, పొడుగు. ఉక్కు రకం చేసే పనల్లా ఆ రూపాన్ని చెడకుండా నిలపడమే.

ఇప్పుడు ఆ రూపాలు రెండు. మొదటిది తాళంచెవి దూరే గాడి అడుగున దూర్చేది. ఇంగ్లీషు ఎల్ అక్షరంలా వంచిన బద్ద. పొట్టి పాదం గాడిలోకి పోతుంది, పొడుగు చెయ్యి పక్కకు ఉంటుంది, దాన్ని వేలితో కిందికి నొక్కుతారు. రెండోది గాడి పైభాగాన, పిన్నులు ఉండే వైపున, మొదటి పిన్నుకు ముందు బిగించేది. దీని పాదం మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటే చాలు. అంతకంటే పొడుగైతే మొదటి పిన్నుకు తగిలి దాన్ని ఆడనివ్వదు. ఇది అడుగుభాగాన్ని పూర్తిగా పిక్‌కు వదిలేస్తుంది కాబట్టి ఇరుకు గాడి ఉన్న తాళాలకు ఇదే మేలు. అయితే ఇది నిలబడేది తన మందంతోనే. గాడి గోడల మధ్య దిగ్గొట్టినట్టు కూర్చోవాలి. ఒక తాళానికి ఒక మిల్లీమీటరు సరిపోతే, పక్క తాళానికి 1.2 కావలసి వస్తుంది, ఇంకోదానికి 0.8 కూడా దూరదు. వదులుగా ఉంటే జారి పడిపోతుంది, దానితోపాటు ఎత్తిన పిన్నులన్నీ పడిపోతాయి. ఈ రకానికి నాలుగు మందాల ముక్కలు పెట్టుకోవడం తప్ప వేరే దారి లేదు.

అడుగున దూర్చే రకంలో ఒక చమత్కారం ఉంది. మామూలు ఎల్ ఆకారంలో వేలి బలం బద్ద అంచు మీద పడుతుంది. అంచు దిక్కున బద్ద వెడల్పే దాని మందం, కాబట్టి అది దాదాపు వంగదు. అదే పొడుగు చేతిని పాదం దగ్గర పావు చుట్టు మెలితిప్పితే వేలికి బద్ద చదును ముఖం ఎదురవుతుంది. ఇప్పుడు వంగే దిక్కులో ఉన్నది అసలు మందం, ఒక మిల్లీమీటరు లోపు. అదే ఉక్కు, అదే బద్ద, ఒక్క మెలికతో మెత్తగా స్పందించడం మొదలుపెడుతుంది. బిరుసు కావాలా మెత్తదనం కావాలా అన్నది పటకారుతో తేల్చుకోవచ్చన్నమాట. నాకైతే మెలిక ఉన్నదే ఇష్టం. పోటీలకు వెళ్ళేవాళ్ళు చాలామంది బిరుసైనదే కావాలంటారు. ప్లగ్గు పిసరు కదిలినా చేతికి నేరుగా తెలుస్తుందని వాళ్ళ వాదన. అది వేళ్ళు లొంగినవాళ్ళ మాట. కొత్త చేతికి మెలిక ఉన్నది కాస్త క్షమిస్తుంది.

సరే, సామాన్ల వేటకు బయల్దేరదాం.

అన్నిటికంటే ముందు మెకానిక్ షెడ్డు. పాత కార్ల వైపర్ బ్లేడు అడగండి, చెత్తలో పడేసేవే ఇస్తాడు. రబ్బరు అరిగిపోయిందని బ్లేడు మార్చేస్తారు గానీ ఆ రబ్బరుకు రెండు పక్కలా పొడుగునా దాక్కున్న ఉక్కు బద్దలు కొత్తవాటిలాగే ఉంటాయి. చివర ఉన్న గొళ్ళాన్ని పటకారుతో కొంచెం తెరిచి రబ్బరు లాగేస్తే జారి చేతిలో పడతాయి. రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పు, ఒక మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూగా మందం, చేతి పొడుగు. ఒక్కో బద్దలోంచి నాలుగైదు రెంచీలు వస్తాయి. చివర్లలో రబ్బరును పట్టుకోవడానికి కోసిన గాట్లు ఉంటాయి. వాటిని కత్తిరించి పారెయ్యండి, గాటు ఉన్నచోటే ముక్క విరుగుతుంది. మిగతా బద్దను వైస్‌లో బిగించి బొటనవేలితో మెల్లగా నెడితే కొంతదూరం వెళ్ళి వెనక్కి తన్నుకొస్తుంది. ఇంకొంచెం నెడితే ఒకచోట పట్టు సడలి, లంబకోణానికి ఒదుగుతుంది. ఎక్కువ బ్లేడుల్లో ఇవి స్టెయిన్‌లెస్ బద్దలే, చల్లగా ఉండగానే వంగుతాయి. మంట అక్కర్లేదు. అడుగు మట్టం రెంచికైనా పై మట్టం రెంచికైనా నేను మొదటి ఓటు దీనికే వేస్తాను. ఈ మధ్య వస్తున్న చదును వైపర్లలో రబ్బరు లోపల ఒకే వెడల్పాటి వంపు బద్ద ఉంటుంది. అదీ మంచి ఉక్కే గానీ నిలువునా చీల్చుకోవాలి.

రెండోది రోడ్లు ఊడ్చే యంత్రం నుంచి రాలే ఉక్కు పుల్ల. అమెరికాలో ఈ సరదా ఇంటింటికీ పాకడానికి కారణమైన పుస్తకం ఒకటి 1991లో వచ్చింది. ఎమ్‌ఐటీ పేరు మీద చలామణీ అయింది, రాసినవాడు టెడ్ ద టూల్ అని మారుపేరు పెట్టుకున్నాడు. అందులో ఆయన ఎత్తి చెప్పిన సరుకు ఇదే. యంత్రం వెళ్ళాక కాలిబాట అంచున వెతికితే చదును పుల్లలు దొరుకుతాయన్నాడు. మన నగరాల్లోనూ ఇప్పుడు ఊడ్చే యంత్రాలు తిరుగుతున్నాయి. అయితే మనవాటిలో చాలావాటికి నైలాను కుచ్చులు కలిపి ఉంటాయి, అన్నీ ఉక్కే అనుకోవద్దు. ఉక్కుది దొరికితే మాత్రం వదలొద్దు. రోజంతా తారు మీద రాపిడిపడి విరగకుండా నిలిచిన సరుకు అది. పైన ఉన్న తుప్పును గరుకుకాగితంతో తుడిచేస్తే లోపల మెరుస్తుంది.

మూడోది కొనుక్కునేది: ఫీలర్ గేజి. బండి స్పార్క్ ప్లగ్గు సందు, వాల్వు సందు కొలవడానికి మెకానిక్కులు వాడే ఆకుల గుత్తి. ఒక్కో ఆకు మీద దాని మందం చెక్కి ఉంటుంది. మందం గురించి ఇందాక అంత మాట్లాడాను కదా, మందం రాసిపెట్టి మరీ అమ్మే స్ప్రింగు ఉక్కు ఇది. 0.8 నుంచి ఒక మిల్లీమీటరు దాకా ఉన్న ఆకులు మనకు పనికొస్తాయి. పల్చటివి పిక్కులు చేసుకోవడానికి ఉంచండి. వీటి ఇబ్బందల్లా ఇవి కార్బన్ ఉక్కు కావడం. చల్లగా ఉండగా పదునైన మూల వంచబోతే పుటుక్కున విరుగుతాయి, ముక్క ఎగిరి కంట్లో పడే ప్రమాదం కూడా ఉంది. కళ్ళజోడు లేకుండా ఈ పని చెయ్యొద్దు. తుప్పు కూడా పడతాయి, నూనె రాసి ఉంచాలి.

నాలుగోది ఏ ఇంట్లోనైనా ఉండే హాక్సా బ్లేడు. దీని మీద నాకు సదభిప్రాయం లేదు. మందం 0.63 మిల్లీమీటరు, పిక్కులకు బాగుంటుంది. రెంచికి మాత్రం పల్చన, పైగా గట్టిపరిచిన ఉక్కు కాబట్టి వంచాలంటే ముందు కాల్చి తీరాలి. పళ్ళు అరగదియ్యడానికే పూటంతా పోతుంది. దొరుకుతోంది కదా అని అందరూ దీనితోనే మొదలుపెడతారు.

ఇనప పెట్టెలకు, ఇటుకల కట్టలకు చుట్టే ప్యాకింగ్ పట్టీ చవకైన సరుకు. చిన్న తాళంకప్పలకు సరిపోయే రెంచీలు వస్తాయి. నీలంగా మెరిసే పట్టీ అయితే మంచిది. సైకిలు చువ్వ రెండు మిల్లీమీటర్ల గుండ్రటి తీగ, చివర సుత్తితో చదును చేసుకోవాలి. దీని సంగతి మళ్ళీ చెబుతాను. పాకెట్‌కు తగిలించే పెన్ను క్లిప్పులు కొన్నిటిలో అసలు సిసలు స్ప్రింగు రేకు ఉంటుంది. మరీ పొట్టిది గానీ పై మట్టానికి అచ్చంగా సరిపోతుంది. కొలిచే టేపు పనికిరాదు, అది మరీ పల్చటి రేకు. గొడుగు పుల్ల మడిచిన రేకు గాడి, వంచగానే నలిగిపోతుంది. జడపిన్ను, కాగితం క్లిప్పు, మేకు: వీటిలో తగినంత స్ప్రింగు గుణం లేదు. ఇత్తడి బద్ద, అల్యూమినియం బద్ద అసలు వద్దు. మామూలు స్క్రూడ్రైవరు గాడిలో సగం ఆక్రమించేస్తుంది, పిక్ ఎక్కడ పెడతారు?

పేరు తెలియని ముక్క దొరికితే ఎలా పోల్చుకోవాలి? అయస్కాంతం నమ్మదగ్గది కాదు. స్టెయిన్‌లెస్‌కు అయస్కాంతం అంటదని మనకో నమ్మకం. రోలర్ల మధ్య గట్టిగా నలగ్గొట్టిన 301, 304 రకాలు కొంతవరకు అంటుకుంటాయి. దానికన్నా రెండు చేతుల మధ్య ముక్కను విల్లులా వంచి వదలండి. తిరిగి సాఫుగా లేస్తే తీసుకోండి, చిన్న ఒంపు మిగిలిపోతే కొట్టువాడికే ఇచ్చెయ్యండి. సానరాయికి తాకించి నిప్పురవ్వలు చూడ్డం తెలిసినవాళ్ళు కార్బన్ ఎంత ఉందో కూడా చెప్పేస్తారు. కార్బన్ ఎక్కువైతే రవ్వలు పువ్వుల్లా చిట్లుతాయి, స్టెయిన్‌లెస్‌కు రవ్వలు తక్కువ, చిట్లడమూ తక్కువే.

నిప్పు మాట వచ్చింది కాబట్టి దాని సంగతి తేల్చాలి. స్టెయిన్‌లెస్ బద్దకు స్ప్రింగు గుణం వచ్చింది కాల్చడం వల్ల కాదు, చల్లగా ఉండగా రోలర్ల మధ్య నలగ్గొట్టడం వల్ల. దాన్ని ఎర్రగా కాలిస్తే ఆ గుణం పోతుంది. నీళ్ళలో ముంచినా నూనెలో ముంచినా తిరిగి రాదు. అందుకే వైపర్ బద్దకు మంట చూపించొద్దని మళ్ళీ చెబుతున్నాను. కార్బన్ ఉక్కు కథ దీనికి తలకిందులు. ఎర్రగా కాల్చి నెమ్మదిగా చల్లారనిస్తే మెత్తబడుతుంది, అప్పుడు కావలసినట్టు వంచుకోవచ్చు. మళ్ళీ ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే గాజులా గట్టిపడుతుంది, కింద పడితే విరిగేంత. చివరిగా దాన్ని శుభ్రంగా రుద్ది, చిన్న మంట మీద వేడి చేస్తూ రంగు చూడాలి. ముందు గడ్డి పసుపు, తర్వాత గోధుమ, ఊదా, ఆ తర్వాత నీలం. నీలం వచ్చేది సుమారు 300 డిగ్రీల దగ్గర. మంట తియ్యవలసింది అక్కడే, స్ప్రింగుకు తగిన పదును అదే. పసుపు దగ్గర ఆపితే కత్తికి బాగుంటుంది, రెంచికి పెళుసు. ఇప్పటికే తగిన పదునులో ఉన్న ఫీలర్ గేజి ఆకును యంత్రపు సాన మీద ఎడతెరిపి లేకుండా పెట్టి అంచు బూడిదరంగుకు తిరగనిస్తే, ఆ చోట పదును పోయినట్టే. రెండు రాపిళ్ళకొకసారి నీళ్ళలో ముంచాలి.

స్ప్రింగు ఉక్కుకూ మన నేలకూ ఉన్న సంబంధం ఒకటి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. 1740 దశకంలో ఇంగ్లండులో బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల పనివాడు ఉండేవాడు. అప్పటి ఉక్కులో కార్బన్ ఒకచోట ఎక్కువగా, ఒకచోట తక్కువగా ఉండేది, దానితో చేసిన గడియారం స్ప్రింగులు ఆయనకు నచ్చేవి కావు. ఉక్కును మూసలో పూర్తిగా కరిగిస్తే అంతటా ఒకేలా వస్తుందని కనిపెట్టి, షెఫీల్డు దగ్గర ఆ పని మొదలుపెట్టాడు. ఊరి పేరు మోగిపోయింది. అయితే మూసలో ఉక్కు చెయ్యడం నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రం, నిర్మల్ చుట్టుపక్కల పల్లెల కమ్మరులకు అంతకు శతాబ్దాల ముందే తెలుసు. ఆ దిమ్మల కోసం పారశీక వర్తకులు కోనసముద్రం దాకా వచ్చేవాళ్ళు. ఇది విని మన పాత ఉక్కుతో రెంచి చేస్తే అద్భుతంగా ఉంటుందనుకోవద్దు. అందులో కార్బన్ ఒకటిన్నర శాతం దాకా ఉండేది. కత్తికి వన్నె తెచ్చింది అదే. స్ప్రింగుకు కావలసింది దాంట్లో సగం. ఒక పనికి రాజైన ఉక్కు ఇంకో పనికి అక్కరకు రాదు, లోహాల్లో ఇది మామూలే.

ముక్క తయారయ్యాక ఒక గంట ఆకురాయికీ గరుకుకాగితానికీ ఇవ్వండి. ఇది అందం కోసం కాదు. తాళంలో ప్లగ్గూ పిన్నులూ ఇత్తడివి, మీ ఉక్కు వాటికంటే చాలా గట్టిది. కత్తిరించిన అంచున మిగిలిన పొర గాడి గోడను గీరేస్తుంది. పని చేశాక పాదాన్ని తెల్లకాగితం మీద తట్టి చూడండి. పచ్చటి పొడి రాలిందంటే తాళం అరుగుతోందని అర్థం. ముందు 220 కాగితం, తర్వాత 400, చివర 600, అంచులన్నీ గుండ్రబడేదాకా. వంపు లోపలి వైపు గీతలు మిగలనివ్వకండి, ముక్క విరిగేది ఆ గీత దగ్గరే. పై మట్టం రెంచి పాదానికి రెండు వైపులా త్రికోణపు ఆకురాయితో సన్నటి పళ్ళు కోస్తారు, జారకుండా పట్టడానికి. మంచి పద్ధతే, కానీ పళ్ళ మొనలు కూడా ఒకసారి మొద్దుబారనివ్వాలి.

ఇప్పటిదాకా చెప్పిందంతా పిన్ తాళాల గురించి. మన ఇళ్ళలో, కొట్ల షట్టర్లకు వేలాడే పెద్ద తాళంకప్పల్లో చాలావాటి లోపల పిన్నులుండవు, ఒకదాని మీద ఒకటి పేర్చిన లివర్ రేకులుంటాయి. అలీగఢ్ నుంచి మన బజార్లకు వచ్చే తాళాల్లోనూ ఈ రకం బోలెడు. వాటికి వైపర్ బద్ద చాలదు. రేకులన్నీ దాటి లోపలి గడియను నెట్టాలి. అందుకే ఈ తాళాల రెంచికి పాదం పొడుగు, దాని చివర మళ్ళీ ఒక మడత. ఇంత పొడుగు మెడ ఉన్నప్పుడు సన్నటి ముక్క మెలితిరిగిపోయి వేలికి ఏ కబురూ అందదు. ఇక్కడ మెత్తదనం మాట మరిచిపోవాలి. రెండు నుంచి మూడు మిల్లీమీటర్ల గుండ్రటి ఉక్కు తీగ కావాలి. ఇందాక పక్కన పెట్టిన సైకిలు చువ్వ చిన్న లివర్ తాళాలకు ఇక్కడ పనికొస్తుంది. పెద్దవాటికి పాత అలెన్ కీ కొస అరగదీసుకోవడం మేలు. హాబ్స్ తలపడిన చబ్ తాళం కూడా ఈ జాతిదే. పిక్కునూ రెంచినీ ఒకే గొట్టంలో ఇమిడ్చిన సాధనాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

ఒక చివరి జాగ్రత్త. ఇవి ఇంట్లో బల్ల సొరుగులో ఉండాల్సిన వస్తువులు, జేబులో కాదు. జపానులో 2003లో వచ్చిన చట్టం ప్రకారం తగిన కారణం లేకుండా ఇలాంటి సాధనాలు దగ్గరుంచుకోవడమే నేరం. ఇంగ్లండులో 1968 నాటి దొంగతనాల చట్టం, దొంగిలించే ఉద్దేశంతో ఇలాంటివి వెంట తీసుకుని ఇల్లు దాటడాన్ని శిక్షార్హం చేసింది. విదేశాల్లో చదువుకుంటున్న మన పిల్లలు ఈ సరదాలో పడితే, విమానం ఎక్కే ముందు అక్కడి చట్టం చూసుకోవాలి. ఇక్కడైనా రాత్రి పదింటికి పోలీసు ఆపి సంచీ తెరవమంటే, వైపర్ బద్దల చరిత్ర ఆయనకు వివరించే ఓపిక మీకుండొచ్చు, వినే ఓపిక ఆయనకుండదు.

ఈ ఆదివారం మెకానిక్ షెడ్డుకు వెళ్ళేవాళ్ళు వైపర్ బ్లేడులు రెండు మూడు కంపెనీలవి అడిగి తెచ్చుకోండి. బద్దల మందాలు కంపెనీకో రకంగా ఉంటాయి, పై మట్టానికి కావలసిన నాలుగు కొలతలూ వాటిలోనే సమకూరవచ్చు.